సింగిల్‌స్పీడ్ ఎమ్‌టీబీ ఎవరికి, గేర్ల సైకిల్ ఎవరికి?

గేర్లు లేని మౌంటెన్ బైక్ (సింగిల్‌స్పీడ్ ఎమ్‌టీబీ) కొంటున్నానంటే ఎవరైనా ముందు అడిగేది "మరి కొండలెలా ఎక్కుతావు?" అనే. నన్నడిగితే అసలు అడగాల్సింది "చదును రోడ్డు మీద ఎలా పోతావు?" అని. ఒకే గేరుతో ఎత్తు ఎక్కడం కష్టమే, కాదనను. అయితే ఎక్కేస్తాం, లేదంటే దిగి తోసుకుంటాం. ఏదైనా కాసేపట్లో తేలిపోతుంది. ఇంటి నుంచి ట్రైల్ (కొండల్లో, గుట్టల్లో తొక్కే మట్టిదారి) దాకా పదిహేను కిలోమీటర్ల తారురోడ్డు ఉంటే మాత్రం ఆ దూరమంతా కాళ్లు గిరగిరా తిరుగుతూనే ఉంటాయి, సైకిల్ మాత్రం ఇరవై దాటదు. అందుకే ఈ రెంటిలో ఏది కొనాలన్న ప్రశ్నకు సగం జవాబు మీ ట్రైల్‌లో కాదు, ట్రైల్‌కు వెళ్లే దారిలో ఉంది.

మన షాపుల్లో "సింగిల్ స్పీడ్ ఎమ్‌టీబీ" అని అమ్మేది ఒకటి, ప్రపంచంలో ట్రైల్ రైడర్లు మోజుపడేది ఇంకొకటి. మన దగ్గర దొరికే పది వేల లోపు బండి గేర్లు పెడితే ధర పెరుగుతుందని తీసేసిన బండి. లావు టైర్లు, ముందు స్ప్రింగు ఫోర్కు, బరువైన స్టీలు ఫ్రేము. గేరు కూడా రోడ్డుకు తగ్గట్టే పెడతారు. కాలేజీకి, పాల ప్యాకెట్లకు, కాలనీ రోడ్లకు అది మంచి బండే. రెండో రకం బండిలో ఫ్రేము, బ్రేకులు, ఫోర్కు అన్నీ మంచి ట్రైల్ సైకిల్‌వే ఉంటాయి, గేర్లు మాత్రం కావాలనే వదిలేస్తారు. ఈ వ్యాసమంతా రెండో రకం గురించే. మొదటి రకాన్ని కొంత ఖర్చుతో దీనికి దగ్గరగా ఎలా తేవచ్చో చివర్లో చెప్తాను.

ముందు కొంచెం లెక్క

గేరు ఎంత బరువో, అంటే తొక్కడానికి ఎంత బలం కావాలో చెప్పడానికి సైకిల్ వాళ్లకు ఒక పాత కొలత ఉంది. ముందు చైన్‌వీల్ (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రం) పళ్లను వెనక పళ్లతో భాగించి, చక్రం వ్యాసాన్ని అంగుళాల్లో తీసుకుని హెచ్చించాలి. అంకె ఎంత పెద్దదైతే గేరు అంత బరువు. 26 అంగుళాల చక్రాల కాలంలో సింగిల్‌స్పీడ్ వాళ్ల ఆనవాయితీ ముందు 32, వెనక 16. అంటే 52 అంగుళాలు. 29 అంగుళాల చక్రాలు వచ్చాక 32కి 18 పెడితే దాదాపు అంతే, 51.6 వస్తుంది. కొండలెక్కువున్న చోట 32కి 20 పెడతారు, అది 46.4. మన ఊళ్లలో నాన్నలు, తాతలు తొక్కిన నల్ల సైకిళ్లు 70కి అటూ ఇటూ ఉండేవి. పాల క్యాన్లు వేసుకుని దాన్ని నిలబడి తొక్కిన మనిషికి సింగిల్‌స్పీడ్ గురించి కొత్తగా చెప్పాల్సింది పెద్దగా ఏమీ లేదు. మిట్ట వస్తే దిగి నడిపించేవాళ్లు, అంతే.

ఇప్పటి 12 గేర్ల సైకిల్‌కు వెనక ఉండే పళ్ల చక్రాలు ఎక్కువగా 10 పళ్లతో మొదలై 50, 51, 52 పళ్ల దాకా ఉంటాయి. ముందు 32 ఉందనుకుంటే అత్యంత తేలిక గేరు 18 అంగుళాలు, అత్యంత బరువు గేరు 93 అంగుళాలు. ఈ ఐదింతల తేడాను పక్కనపెట్టి మధ్యలో ఒక్క చోట కూర్చోవడమే సింగిల్‌స్పీడ్.

దీన్ని వేగంలోకి మార్చి చూస్తే విషయం తేటగా కనిపిస్తుంది. 29 అంగుళాల చక్రం, 32కి 20 గేరు. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 3.7 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 90 చుట్లు తిప్పితే గంటకు 20 కిలోమీటర్లు. 25 అందుకోవాలంటే 113 చుట్లు తిప్పాలి, అది ఎక్కువసేపు ఎవరూ చేయరు. పక్కనే గేర్ల సైకిల్ ఉన్న స్నేహితుడు వెనక 12 పళ్లలో వేసుకుని అదే 25లో 68 చుట్లు తిప్పుకుంటూ ఫోన్‌లో పాటలు వింటూ పోతాడు. ఒళ్లు మండేది ఇక్కడే, కొండ దగ్గర కాదు.

కొండ లెక్క వేరే. గేర్ల సైకిల్ తేలిక గేరులో గంటకు 5 కిలోమీటర్ల వేగంతో కూర్చునే ఎక్కుతుంది. అదే 5లో సింగిల్‌స్పీడ్ క్రాంక్ నిమిషానికి 23 చుట్లు కూడా తిరగదు. పెడల్ అంత నిదానంగా తిప్పుతూ బ్యాలెన్స్ చేయడం చాలామంది వల్ల కాదు, పక్కకు ఒరిగిపోతారు. కాబట్టి 7, 8 కిలోమీటర్ల వేగం కంటే తగ్గకుండా ఎక్కాల్సిందే. గుంపుగా వెళ్లినప్పుడు సింగిల్‌స్పీడ్ మనిషి ఎత్తులో అందరికంటే ముందుండి, చదునులో అందరికంటే వెనకబడటానికి కారణం ఇదే. వాడికి దమ్ము ఎక్కువని కాదు, నిదానంగా వెళ్లే అవకాశం వాడికి లేదు.

70 కిలోల మనిషి, 12 కిలోల సైకిల్, 10 శాతం ఎత్తు అనుకోండి. ఇదే గేరులో పెడల్ మీద సగటున 30 కిలోల పైచిలుకు తోపుడు పడాలి. కాలు ముందుకొచ్చి అడ్డంగా ఉన్న క్షణంలో అది 50 దాకా పోతుంది. నిలబడితే అయిపోతుంది. 15 శాతం దగ్గర మొత్తం ఒంటి బరువూ చాలదు, హ్యాండిల్ లాగుతూ చేతుల బలం కూడా కలపాలి. అంతకు మించిన ఎత్తు పొడుగ్గా ఉంటే నడకే. పొట్టిదైతే కింద నుంచి ఊపు మీద వచ్చి ఎక్కేయొచ్చు.

ఇంత కష్టం ఉన్నా ఎందుకు వదలరు?

మౌంటెన్ బైకింగ్ మొదలైందే ఒకే గేరుతో. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ కుర్రాళ్లు 1970లలో పాత ష్విన్ సైకిళ్లను కొండ మీదికి తీసుకెళ్లి మట్టిదారిలో దూకించేవాళ్లు. ఫెయిర్‌ఫ్యాక్స్ ఊరి దగ్గర 1976 అక్టోబర్ 21న వాళ్ల మొదటి రేసు జరిగింది. 3 కిలోమీటర్ల చిల్లర దూరంలో దాదాపు 400 మీటర్ల దిగుడు. బ్రేకు వెనక హబ్‌లోనే (చక్రం నడిమి భాగంలోనే) ఉండేది, పెడల్ వెనక్కి తొక్కితే పట్టేది. కిందికి వచ్చేసరికి హబ్ కాలిపోయి లోపలి గ్రీజు పొగలై పోయేది. మళ్లీ విప్పి గ్రీజు కూరాలి, ఇంగ్లీషులో రీప్యాక్ చేయాలి. ఆ దారికి రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది. ఆ బృందంలోని గ్యారీ ఫిషర్ లాంటివాళ్లు గేర్లు తగిలించింది దిగడానికి కాదు, ట్రక్కు ఎక్కించకుండా పైదాకా తొక్కుకుంటూ పోవడానికి.

ఆ తర్వాత పదిహేనేళ్లలో ముందు 3, వెనక 7 లేదా 8, మొత్తం 21, 24 గేర్లయ్యాయి. గేర్లు మార్చే లివర్లు అంటే షిఫ్టర్లు రెండు, చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే డిరైలర్లు రెండు, కేబుళ్లు రెండు. బురదలో తొక్కేవాళ్లకు విసుగొచ్చింది. 1990లలో కొందరు మొత్తం పీకేసి మళ్లీ ఒకే గేరుకు వచ్చారు. ఆ దశాబ్దం చివర్లో సర్లీ కంపెనీ 1×1 అనే స్టీలు ఫ్రేమును నేరుగా వీళ్ల కోసమే తెచ్చింది. సింగిల్‌స్పీడ్ వరల్డ్ ఛాంపియన్‌షిప్ అని ఏటా ఒక పోటీ కూడా జరుగుతుంది. 2009లో కొలరాడోలోని డురాంగోలో, 2010లో న్యూజిలాండ్ రోటొరువాలో జరిగింది. వేషాలు, బీరు, తిక్క పనులు అన్నీ ఉంటాయి. గెలిచినవాళ్లకు ఒంటి మీద పచ్చబొట్టు వేస్తారు. వద్దంటే గెలిచినట్టు కాదు. దీన్నిబట్టి వీళ్లు వేగం కోసం తపించే రకం కాదని అర్థమవుతుంది.

తొక్కేటప్పుడు దొరికే సుఖం వేరే చోట ఉంది. గేర్లున్నప్పుడు ఎత్తు కనిపించగానే బొటనవేలు లివర్ మీదికి పోతుంది. ఇప్పుడా తర్వాతా, ఒకటా రెండా, చైన్ మీద ఒత్తిడి తగ్గించానా లేదా అని బుర్ర పనిచేస్తూనే ఉంటుంది. ఒకే గేరులో ఆ పని ఉండదు. కళ్లు దారినే చూస్తాయి. ముందు దిగుడు వస్తోంది, ఆ వెనకే చిన్న మిట్ట. అయితే దిగుడులో బ్రేకు పట్టొద్దు, మలుపులో ఊపు చంపుకోవద్దు, మిట్ట మొదట్లోనే సీటు మీంచి లేవాలి. రాళ్ల మీద వెనక చక్రం జారబోతే నడుము కాస్త వెనక్కి వేయాలి. ముందు చక్రం లేవబోతే ఛాతీ హ్యాండిల్ మీదికి రావాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఖాజాగూడ లాంటి గ్రానైట్ బండల మీద టైరుకు మంచి పట్టు దొరుకుతుంది కాబట్టి ఈ ఆట బాగా సాగుతుంది. మొరం పరిచిన ఎత్తులో నిలబడి తొక్కితే మాత్రం ప్రతి తొక్కుడుకూ చక్రం ఖాళీగా గిర్రున తిరుగుతుంది. అక్కడ కూర్చుని తేలిక గేరులో ఎక్కే గేర్ల సైకిల్‌దే పైచేయి, అందులో వాదించడానికేమీ లేదు.

చప్పుడు ఉండదు. రాళ్లదారిలో డిరైలర్ చైన్ ఫ్రేముకు తగిలే టపటప వినిపించదు. ఒకసారి అలవాటుపడ్డాక గేర్ల సైకిల్ ఎక్కితే ముందు చెవికే తేడా తెలుస్తుంది.

రిపేర్లు: దేనికెంత?

గేర్ల సైకిల్‌లో అన్నిటికంటే బలహీనమైన చోటు వెనక డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క, హ్యాంగర్. సైకిల్ కుడివైపుకి పడినా, కర్ర చక్రంలో ఇరుక్కున్నా అది వంగుతుంది. ఫ్రేము విరగకూడదని దాన్ని అలాగే చేస్తారు. అది రెండు మిల్లీమీటర్లు వంగితే చాలు, 12 గేర్లలో సగం వినవు. కేబుల్ బిగించి, వదులు చేసి, మళ్లీ బిగించి ఒక పూట గడిచిపోతుంది. చివరికి అసలు జబ్బు హ్యాంగర్‌లో ఉందని తేలుతుంది. కొత్తది మీ ఫ్రేముకు సరిపోయేదే కావాలి, అది చిన్న ఊళ్ల షాపుల్లో దొరకదు. గేర్ల సైకిల్ కొనేవాళ్లు అదే రోజు ఒక హ్యాంగర్ అదనంగా కొని బ్యాగులో వేసుకోవడం మంచిది.

12 గేర్ల చైన్ సన్నగా ఉంటుంది. అర శాతం సాగగానే మార్చేయాలి, లేకపోతే క్యాసెట్‌నూ (వెనక పళ్ల చక్రాల గుత్తిని) తినేస్తుంది. క్యాసెట్ ధర వేలల్లో. సింగిల్‌స్పీడ్‌లో వెనక ఉండేది ఒక్క స్టీలు కాగ్ (పళ్ల చక్రం), మామూలుదైతే వందల్లో వస్తుంది. చైన్ ఎప్పుడూ ఒకే గీతలో తిరుగుతుంది, పక్కలకు వంగదు, కాబట్టి చాలాకాలం మన్నుతుంది.

అలాగని సింగిల్‌స్పీడ్‌కు పనే ఉండదనుకోవద్దు. దాని తలనొప్పంతా చైన్ బిగుతులో ఉంది. డిరైలర్‌కు ఉన్న స్ప్రింగు ఇక్కడ లేదు కాబట్టి చైన్ కాస్త లూజైతే ఊడిపోతుంది. అదీ నిలబడి బలంగా తొక్కేటప్పుడే ఊడుతుంది, మోకాలు వెళ్లి హ్యాండిల్‌కు తగులుతుంది. బిగించడం ఇలా: వెనక చక్రం నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగండి. కుడివైపు నట్టు కొద్దిగా బిగించి, చక్రం ఫ్రేము మధ్యకు వచ్చేలా చూసి, ఎడమవైపు బిగించండి. ఇప్పుడు క్రాంక్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ చైన్ మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడించండి. ఒక చోట గట్టిగా, ఇంకో చోట వదులుగా అనిపిస్తుంది, ఎందుకంటే ఏ చైన్‌వీలూ నిఖార్సుగా గుండ్రంగా ఉండదు. బాగా గట్టిగా ఉన్న చోట కూడా చైన్ కొంచెం ఆడాలి. బాగా వదులుగా ఉన్న చోట ఒక సెంటీమీటరుకు అటూ ఇటూ ఆడితే సరిపోతుంది. మరీ బిగిస్తే తొక్కేటప్పుడు కరకరమంటుంది, బేరింగులు త్వరగా పోతాయి.

వానాకాలం గురించి ఒక మాట. బురదలో సింగిల్‌స్పీడ్ రాజు అంటారు. ఎర్రమట్టి వరకు అది నిజమే, వికారాబాద్ అనంతగిరి కొండల వైపు తొక్కినవాళ్లు ఒప్పుకుంటారు. నల్లరేగడిలో మాత్రం ఏ బండీ రాజు కాదు. మట్టి టైరుకు అంటుకుని ఫోర్కు దగ్గర, వెనక ఫ్రేము దగ్గర గట్టిగా పట్టేసి చక్రమే తిరగదు. గేర్ల బండి అయితే ఆ స్థితిలో బలవంతంగా తొక్కితే డిరైలర్ విరిగి చక్రంలోకి పోతుంది, సింగిల్‌స్పీడ్‌కు ఆ నష్టం ఉండదు. ఇల్లు చేరడానికి ఏదైనా భుజాన వేసుకోవాల్సిందే. అక్కడ కిలో దాకా బరువు తగ్గడం కొంత ఊరట.

మధ్యేమార్గాలు

రెంటిలో ఒకటి ఎంచుకోవాలని రూలేం లేదు. ముందు ఒకే చైన్‌వీల్, వెనక 9 లేదా 10 గేర్లు పెట్టుకుంటే చాలామందికి అది చాలు. మైక్రోషిఫ్ట్ కంపెనీ అడ్వెంట్ ఎక్స్ అనే సెట్ 10 గేర్లతో 11 నుంచి 48 పళ్ల దాకా ఇస్తుంది. షిమానో లింక్‌గ్లైడ్ క్యాసెట్లు మన్నిక కోసమే తయారైనవి. 12 గేర్ల గొప్ప కంటే ఇవి మేలని నా అభిప్రాయం, ముఖ్యంగా మంచి మెకానిక్ అందుబాటులో లేని ఊళ్లో.

హబ్ లోపలే గేర్లు దాచుకునే రకం ఇంకొకటి. జర్మనీ వాళ్ల రోలాఫ్ 14 గేర్లతో క్యాసెట్ అంత విస్తృతి ఇస్తుంది, బయట ఊగే భాగమేదీ ఉండదు. కానీ ఆ ఒక్క హబ్ ధరకు మంచి సైకిలే వస్తుంది. పైగా వెనక చక్రం బరువెక్కుతుంది. ప్రపంచయాత్రకు బయల్దేరేవాళ్లు చూసుకోవాల్సిన సరుకు అది.

ఉన్న గేర్ల సైకిల్‌నే మార్చుకోవడం అన్నిటికంటే చవక. క్యాసెట్ తీసి, ఒక కాగ్, దానికి రెండు వైపులా స్పేసర్లు (ఖాళీ నింపే రింగులు) వేసి బిగిస్తారు. ముందు చైన్‌వీల్‌కు సరిగ్గా ఎదురుగా కాగ్ వచ్చేలా స్పేసర్లు సర్దుకోవాలి. కాగ్ అడుగుభాగం వెడల్పుగా ఉన్నదే అడగండి. పలుచని కాగ్ పెడితే నిలబడి తొక్కే బలానికి అది కాగ్ కూర్చునే అల్యూమినియం ఫ్రీహబ్‌లోకి కోసుకుపోతుంది, తర్వాత ఊడదీయడమే గండం. చాలా ఫ్రేముల్లో వెనక చక్రం కూర్చునే గాడి నిలువుగా ఉంటుంది, చక్రాన్ని వెనక్కి లాగలేం. అప్పుడు చైన్‌ను బిగుతుగా పట్టే స్ప్రింగు టెన్షనర్ ఒకటి తగిలించాలి. ఇది పనిచేస్తుంది కానీ డిరైలర్ పోయి దాని తమ్ముడు వచ్చినట్టు ఉంటుంది. వెనక కూడా సస్పెన్షన్ ఉన్న సైకిల్‌ను మార్చే పని పెట్టుకోవద్దు.

ఇంతకీ ఏది కొనాలి?

ఒక్కటే సైకిల్ కొంటారు, దాంతోనే ఆఫీసు, ఆదివారం ట్రైలు, అప్పుడప్పుడు వంద కిలోమీటర్ల రోడ్డు రైడు అన్నీ అంటే గేర్లదే తీసుకోండి, ఆలోచించక్కర్లేదు. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లూ అంతే. తక్కువ చుట్లతో ఎక్కువ బలం పెట్టి తొక్కడం మోకాళ్ల మీద పడే భారాన్ని పెంచుతుంది. డాక్టర్ని అడగకుండా ఒకే గేరుకు పోవద్దు. అరకు, లంబసింగి లాంటి పొడుగాటి ఘాట్ రోడ్లు మీ ఇష్టమైన రైడ్లయితే కూడా గేర్లే. గంటసేపు ఆగకుండా ఎక్కే చోట ఊపు ఎంతసేపని ఉంటుంది?

ఇల్లు దాటగానే ట్రైల్ ఉందా? లేదా సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్తారా? ఆ ట్రైల్ చిన్న చిన్న ఎత్తుపల్లాలతో రెండు మూడు నిమిషాలకోసారి మారుతుంటుందా? అలాంటివాళ్లకు సింగిల్‌స్పీడ్ నచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఇప్పటికే ఒక గేర్ల సైకిల్ ఉండి రెండోది కొనేవాళ్లకూ ఇదే చెప్తాను. రెండో గేర్ల సైకిల్ మొదటిదానికి ప్రాణం మీదికొచ్చే పోటీ, రెండిట్లో ఒకటి బాల్కనీలో దుమ్ము పడుతుంది. సింగిల్‌స్పీడ్ అలా కాదు, రెండూ వాడకంలో ఉంటాయి.

డబ్బు పెట్టేముందు ఒక ఉచిత పరీక్ష ఉంది. మీ దగ్గర ఉన్న 12 గేర్ల సైకిల్‌ క్యాసెట్ 10 పళ్లతో మొదలయ్యేదైతే, చిన్న చక్రం వైపు నుంచి ఐదోదానికి 18, ఆరోదానికి 21 పళ్లు ఉంటాయి. ముందు 32 అయితే వీటిలో ఒకదాంట్లో వేసి రెండు మూడు వారాలు షిఫ్టర్ ముట్టుకోకుండా తొక్కండి. వేలు ఆగకపోతే లివర్ మీద టేపు చుట్టేయండి. మొదటి వారం తిట్టుకుంటారు, అది లెక్కలోకి రాదు. ఆ తర్వాత కూడా లివర్ కోసం చెయ్యి పోతుంటే మీది గేర్ల మనసు. పోకపోతే ఏ గేరు కావాలో కూడా మీకు అప్పటికే తెలిసిపోయి ఉంటుంది. 18, 21 మధ్య ఊగిసలాడేవాళ్లు తేలికదాని వైపు మొగ్గండి.

పది, పదిహేను వేల బడ్జెట్ ఉన్నవాళ్లకు నా సలహా కొందరికి నచ్చదు. ఆ ధరలో 21 గేర్ల సైకిల్ కంటే గేర్లు లేనిదే నయం. అంత తక్కువ ధరలో వచ్చే షిఫ్టర్లు, డిరైలర్లు ఆర్నెల్లకే మొండికేస్తాయి. ఎలాగూ చాలామంది చివరికి ఒకే గేరులో ఇరుక్కున్న 21 గేర్ల సైకిల్ తొక్కుతుంటారు. గేర్లు లేనిది కొని, మిగిలిన డబ్బు మంచి టైర్లకు, బ్రేకులకు పెట్టండి. కొనేటప్పుడు చైన్‌వీల్ పళ్లు లెక్కపెట్టండి. ముందు 44, వెనక 18 ఉండి చక్రాలు 26 అంగుళాలైతే అది 63 అంగుళాల పైనే. రోడ్డుకు సరే, గుట్టలకు బరువు. వెనక ఫ్రీవీల్ (పళ్ల చక్రం) మరతో బిగించే రకమే అయి ఉంటుంది. దాన్ని విప్పి 20 పళ్లది, దొరికితే 22 పళ్లది వేయమనండి. 44కి 22 వేస్తే సరిగ్గా 52 అంగుళాలు, పాతకాలపు సింగిల్‌స్పీడ్ వాళ్ల 32, 16 లెక్కే. పళ్లు పెరిగితే చైన్‌కు ఒకటి రెండు లింకులు కలపాల్సి రావచ్చు. ఫ్రీవీల్ విప్పే టూల్ మెకానిక్ దగ్గర ఉందో లేదో ముందే అడగండి. సుత్తి, ఉలి తీస్తుంటే బండి అక్కణ్నుంచి తెచ్చేసుకోండి.